ఆలకింపు దీపం

వరహాలమ్మను ఆసుపత్రి చంపింది. జబ్బు కాదు. పిచ్చి అసలే కాదు. పేగుకు చిల్లి పడి రెండు రోజులు మంచం మీద మెలికలు తిరుగుతూ చెబుతుంటే వినేవాడు లేక పోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆమె నా భార్య. నా పేరు పోలినాయుడు. ఊళ్ళో బడి ఉన్నంతవరకు, అంటే ఏడో తరగతి దాకా చదివాను. ఆ తరవాత రేడియోలు విప్పి బిగించడం నేర్చుకున్నాను. సముద్రానికి ఎదురుగా గుట్ట మీద ఉన్న మానసిక వైద్యశాలలో ఇరవై ఆరేళ్ళు ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. దాని పేరు రాయను. ఆ గౌరవం దానికివ్వను.

పెళ్ళయిన ఆరో ఏడు వరహాలమ్మకు మనసు చెదిరింది. కడుపులో పీత ఉందనేది. తిరుగుతోందనేది. మాది ఆసుపత్రి క్వార్టర్సే. జబ్బు ముదిరినప్పుడల్లా ఆడవాళ్ళ వార్డులో చేర్చేవాణ్ణి. తగ్గితే ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. అలా పదకొండేళ్ళు. వార్డులో అందరికీ ఆ పీత తెలుసు. "ఏటే వరాలూ, నీ పీత అన్నం తిన్నాదా?" అని అడిగి నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఒక మంగళవారం ఆమె నవ్వలేదు. గురువారానికి లేదు.

ఆ వార్డు హెడ్ సిస్టర్ దయామణి. ఆమెతో ఆరేళ్ళు నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె గదిలో ఫ్యాను చెడితే వెళ్ళి బాగుచేసేవాణ్ణి. స్విచ్చు వేసి, తిరగడం చూపించి, వచ్చేసేవాణ్ణి.

ఏడో ఏడు డాక్టర్ సుహాసిని వచ్చింది.

ముప్పై ఏళ్ళుంటాయేమో. ఒకరోజు నా షెడ్డులోకి నేరుగా నడిచొచ్చి బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టింది.

"నాయుడుగారూ, మీరు కుక్క చెవులు చూశారా?"

"చూశానమ్మా. ఎందుకు?"

"ఏదైనా శ్రద్ధగా వింటే నిక్కబొడుచుకుంటాయి కదా. మనకీ ఒకప్పుడు అలాగే ఉండేదట. చెవి కదలడం పోయింది కానీ, దాని వెనక చిన్న కండరం మిగిలిపోయింది. ఎదుటి మనిషి మాట నిజంగా వింటున్నంతసేపు అది బిగుస్తుంది. మనసు తప్పుకోగానే వదిలేస్తుంది. మొహం మీద నవ్వు ఉన్నా సరే, తల ఊపుతున్నా సరే. దాన్ని మోసం చేయలేం."

పెట్టెలోంచి గుండీల్లాంటివి రెండు తీసి నా చెవి వెనక అంటించింది. వాటి నుంచి సన్నటి తీగ. తీగ చివర నా చొక్కా జేబుకు తగిలించిన చిన్న దీపం.

దీపం వెలిగింది. కానీ పిచ్చిగా కొట్టుకుంటోంది.

"ఇదే నా సమస్య. రెండేళ్ళుగా ఇంతే. హైదరాబాదులో ఇద్దరు ఇంజనీర్లు చేతులెత్తేశారు," అంది.

నేను తల ఎత్తి పైకి చూశాను. ట్యూబులైటు. లేచి దాన్ని ఆర్పేశాను. కొట్టుకోవడం సగం తగ్గింది. ఫ్యాను ఆపాను. దీపం నిలకడగా వెలిగింది.

"మీ తీగ మన మాట కాదమ్మా, గోడలో కరెంటు మాట వింటోంది," అన్నాను.

 నేను తీగ పీకేసి రెండు పోగులనీ జడలా పురి పెట్టాను. ఫార్మసీ చెత్తబుట్టలోంచి మాత్రల పట్టీలు తెచ్చి, వెనకున్న వెండిరేకు ఒలిచి, పురి చుట్టూ చుట్టి, దాన్ని దీపం బ్యాటరీ మైనస్‌కి కలిపాను. ట్యూబులైటు వేశాను. ఫ్యాను వేశాను. మళ్ళీ అంటించుకున్నాను.

దీపం కదల్లేదు. పచ్చగా, నిండుగా వెలుగుతోంది.

సుహాసిని జేబులోంచి ఒక కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. సెలవుల నిబంధనల మీద ఏదో సర్క్యులర్. రెండో వాక్యంలో దీపం టప్పున ఆరిపోయింది. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకు నవ్వానో గుర్తులేదు.

"ఇది ఎవరికి పెడతారు? రోగులకా?" అడిగాను.

"కాదు. వాళ్ళని వందేళ్ళుగా కొలుస్తూనే ఉన్నాం. ఇది మనకి. డాక్టర్లకి, సిస్టర్లకి, వార్డు సిబ్బందికి. మనం వాళ్ళ మాట ఎంతసేపు వింటున్నామో ఒక్కసారైనా కొలవాలి."

 దయామణి తెల్ల కోటు మీద ఈ దీపం ఆరిపోవడం నా కళ్ళ ముందు కనబడింది. పదిమంది ఎదుట. పెద్దల ఎదుట. ఆ క్షణం నుంచి నాకు అదొక్కటే కావలసి వచ్చింది.

"ఎన్ని చెయ్యాలమ్మా?"

"ముప్పై."

"పది రోజుల్లో ఇస్తాను."

ఆరు రోజుల్లో ఇచ్చాను.

ఆడవాళ్ళ వార్డులో దీపాలు పెట్టిన మొదటిరోజు తిరనాళ్ళలా ఉంది. అందరి గుండెల మీదా పచ్చటి చుక్కలు. ఎవరి దీపం ఆరితే వాళ్ళని పక్కవాళ్ళు ఆటపట్టించడం. "ఒలమ్మో, అప్పుడే ఆర్పీసినావేటే!" అని ఒకరు, "బేటరీ అయిపోనాదేమో సూడండి" అని ఇంకొకరు. అటెండరు అసిరయ్య అందరికన్నా ముందు ఆర్పుకునేవాడు. రోగి నోరు తెరిస్తే చాలు, పోయేది.

నాలుగో రోజు సుహాసిని ఒక పని చేసింది. పొద్దున్నే మామూలు చీరలో వరండాలో నిలబడి, వచ్చిన ప్రతివాడితోనూ ఒకే మాట అంది. "తలనొప్పిగా ఉందండీ, నిన్నటినుంచి తగ్గడం లేదు, ఒక మాత్ర దొరుకుతుందా?" దీపాలన్నీ చివరిదాకా వెలిగాయి. మధ్యాహ్నం తల విరబోసుకుని, వార్డు ఆకుపచ్చ గౌను తొడుక్కుని, మంచం మీద కూర్చుని, తల వంచుకుని అదే మాట అంది. సూపరింటెండెంటు రౌండుకు వచ్చాడు. "తలనొప్పిగా..." దగ్గరే ఆయన దీపం ఆరిపోయింది. "ఆఁ, ఆఁ, తగ్గిపోతుందమ్మా," అని ఆవిడ భుజం తట్టి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

"సార్, నేను సుహాసినిని," అంది వెనకనుంచి.

ఆయన వెనక్కి తిరిగాడు. దీపం వెలిగింది.

నాకు ఆనందం పట్టలేకపోయింది. షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకుని ఒక్కణ్ణే గంతులేశాను. అరవై ఏళ్ళకు దగ్గరపడినవాణ్ణి. ఇదీ మీ ఆసుపత్రి. మొహం చూడరు, మాట చూడరు, గౌను చూస్తారు. చెప్పానా లేదా!

మర్నాడు అసిరయ్య నుదుటి మీద బొప్పితో వచ్చాడు.

"ఏటైందిరా?"

"నీ దీపమే బావూ. తియ్యడం మరిసిపోయి ఇంటికెల్లినాను. మాయావిడ వాళ్ళన్న సంగతి సెప్తంది. మజ్జిలో ఆరిపోనాది. ఇదేటి ఎలుగుతూ ఆరిపోనాది అనడిగింది. నాను ఎదవని, ఉన్నదున్నట్టు సెప్పీసినాను."

"చెప్తే?"

"గరిటి ఇసిరింది."

వార్డంతా నవ్వింది. కానీ వాడు ఆ బొప్పి తడుముకుంటూ చాలాసేపు ఏదో ఆలోచించాడు. ఆ రోజు నుంచి పంతం పట్టాడు. దీపం ఆరకుండా ఒక్క మనిషి మాటైనా చివరిదాకా వింటానన్నాడు. ఎంచుకోవడం ఎంచుకోవడం గున్నమ్మను ఎంచుకున్నాడు.

గున్నమ్మ నాలుగేళ్ళుగా కంచం ముందు పెడితే చాలు, "గాజుపెంకులు! గాజుపెంకులు పెట్టి సంపేత్తన్నారు!" అని తోసేసేది. అది ఆమె జబ్బని కేసు షీటులో రాసి ఉంది. మరీ తినకపోతే ఇద్దరు పట్టుకుని ముక్కులోంచి గొట్టం వేసేవారు. ఆ గొట్టం వేసేటప్పుడు ఆమె కాళ్ళు పట్టుకునేవాడు అసిరయ్యే.

వాడు ఆమె ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"సెప్పమ్మా. ఎక్కడున్నాయి గాజుపెంకులు?"

ఆమె వాడి మొహం చూడలేదు. దీపం చూసింది. వెలుగుతోంది.

"పప్పులో."

"పప్పులోనా? వొండినోడేసినాడా?"

"వొండినోడు కాడు. కంచం ఏస్తంది. గీకి గీకి తోముతారు కదా, అది రాల్తంది. నీలంది."

అసిరయ్య కంచం ఎత్తి ఎండలో పట్టుకున్నాడు. అవి పాత పింగాణీ పూత కంచాలు. అంచున నీలం గీత. గున్నమ్మ కంచం అడుగున పూత లేచిపోయి, మధ్యాహ్నపు ఎండకు మెరుస్తున్న సన్నని పెచ్చులు. వేలితో రాస్తే ఊడి వచ్చాయి. వాడి వేలి కొన తెగింది.

"బావూ!" అని కేకేశాడు. ఆ కేక నాకు షెడ్డులోకి వినబడింది.

ఆ సాయంత్రానికల్లా కంచాలన్నీ స్టోరుకు వెళ్ళిపోయాయి. విస్తరాకులో పెడితే గున్నమ్మ రెండుసార్లు అడిగి పెట్టించుకు తింది. సుహాసిని ఏడ్చింది. ఏడుస్తూనే ఏదో గబగబా రాసుకుంది. నాలుగేళ్ళు ప్రతిపూటా ఆమె నిజమే చెప్పింది. గాజుపెంకులు అన్న మాట దగ్గర ముప్పై మంది చెవులూ మూసుకునేవి. నిజం ఆ తరవాతి మాటలో ఉంది.

అసిరయ్య మాత్రం గుమ్మంలో కూర్చుండిపోయాడు. "ఆ కాళ్ళు నానే కదా బావూ పట్టుకున్నాను," అన్నాడు.  

దీపాలు మంచి ఒక్కటే చెయ్యలేదు. ఇద్దరు సిస్టర్లు సెలవు పెట్టి వెళ్ళిపోయారు. ఒకావిడ, నిజంగా మంచిది, దీపం ఆరిన ప్రతిసారీ బాత్రూములోకి వెళ్ళి కళ్ళు కడుక్కునేది. రోగులు మొహాలు చూడడం మానేశారు. దీపాలే చూసేవారు. ఆరగానే మాట మధ్యలో ఆపి గోడవైపు తిరిగిపోయేవారు. అంతకుముందు ఎవరో ఒకరు వింటున్నారన్న భ్రమైనా ఉండేది వాళ్ళకి. దాన్ని మేం లాగేసుకున్నాం. ఇది సుహాసినికి చెప్పాను. "తెలుసు నాయుడుగారూ," అంది. అంతే.

దయామణి దీపం గురించి కూడా చెప్పాలి. మూడు వారాలు కాపు కాశాను. నిచ్చెన ఎక్కి, పని లేకపోయినా బల్బులు తుడుస్తూ పైనుంచి చూశాను. కొన్నిసార్లు ఆరేది. ఎక్కువసార్లు వెలిగేది. నాకది నచ్చలేదు. ఇప్పుడు దీపం ఉందని జాగ్రత్తపడుతోంది, అనుకున్నాను. అప్పుడు లేదుగా.

అందుకే టేపు బయటికి తీశాను.

వరహాలమ్మ ఉన్న రోజుల్లో, డాక్టరు చదువు చదివే పిల్లల కోసమని వారానికొకసారి రోగుల మాటలు రికార్డు చేసేవారు. ఆ రికార్డరు బాగోగులు చూసేది నేనే. వరహాలమ్మ మాట్లాడిన ఆ మంగళవారం టేపు నేను దాచాను. రెండు నిమిషాలు కూడా ఉండదు. ఎన్నోసార్లు విన్నాను. నాకది కంఠతా వచ్చు.

ఆరోగ్య శాఖ నుంచి పెద్ద అధికారులు వస్తున్నారు, వాళ్ళ ముందు దీపం పని చేయించి చూపాలి అని సుహాసిని హడావిడి పడుతున్నప్పుడు ఆ టేపు ఆవిడ బల్ల మీద పెట్టాను.

"మా ఆవిడ ఆఖరి మాటలమ్మా, ఇది పెట్టండి. దయామణి సిస్టరుకు. అందరి ముందు."

ఆవిడ టేపు చేతిలోకి తీసుకుంది. "పెడతాను. కానీ ఒక షరతు. పోల్చి చూడడానికి ఆ మనిషిని ప్రేమించినవాళ్ళ దీపం పక్కన వెలుగుతుండాలి. మీరు పెట్టుకోవాలి."

"సంతోషంగా పెట్టుకుంటాను," అన్నాను. అంతకన్నా ఏం కావాలి? నాది వెలుగుతుంది. దానిది ఆరుతుంది.

దయామణిని అడిగితే, "సరే," అందట.

హాలు నిండింది. అధికారులు ముందు వరసలో. సూపరింటెండెంటు, సిస్టర్లు, అటెండర్లు వెనక. నేనూ దయామణీ ఎదురెదురు కుర్చీల్లో. ఇద్దరి గుండెల మీదా దీపాలు.  ఆరేళ్ళు ఎదురుచూసిన గడియ. నేను ఆమె దీపం మీద నుంచి చూపు తిప్పలేదు.

టేపు తిరిగింది. వరహాలమ్మ గొంతు వచ్చింది.

నేను ఆ పచ్చచుక్కనే చూస్తున్నాను. ఆరిపో. ఆరిపో. ఇప్పుడు ఆరుతుంది. 'పీత' అన్న మాట రానీ. ఆ మాట వచ్చింది. చుక్క అలాగే ఉంది. టేపు అయిపోయింది. చుక్క అలాగే ఉంది.

 అందరూ నావైపే చూస్తున్నారు. నాకు అర్థం కాలేదు. వెనకనుంచి అసిరయ్య వంగి నా చెవిలో అన్నాడు.

"బావూ... నీది ఆరిపోనాది."

తల వంచి చూసుకున్నాను. నిజమే.

"తీగ తెగుంటుంది," అన్నాను. లేచాను. దీపం విప్పాను. తీగ అతుకు చూశాను, గట్టిగా ఉంది. నేను వేసిన అతుకే. బ్యాటరీ మార్చాను. రేకు సరిచేశాను. గుండీలు తుడిచి మళ్ళీ అంటించుకున్నాను. అసిరయ్యను ఏదైనా చెప్పరా అన్నాను. వాడికి ఏం చెప్పాలో తెలియక, "ఇయేళ మాయావిడ బెండకాయ పులుసు పెట్టింది బావూ," అన్నాడు. దీపం నిండుగా వెలిగింది.

"మళ్ళీ పెట్టండి. ఇందాక నేను సిస్టరుని చూస్తున్నాను. వినలేదు. ఇప్పుడు వింటాను."

కళ్ళు మూసుకున్నాను. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, చెవులు రిక్కించి కూర్చున్నాను. వరహాలమ్మ గొంతు మళ్ళీ వచ్చింది. టేపు ఆగింది. కళ్ళు తెరిచాను. దీపం ఆరిపోయి ఉంది.

"ఎక్కడ ఆరింది?" అడిగాను.

"పీత అన్న దగ్గర," అంది సుహాసిని.  "రెండుసార్లూ అక్కడే. నాయుడుగారూ, ఆ తరవాత ఆవిడ ఏమంది?"

"ఏమంటుంది? పీత తిరుగుతోంది అంటుంది. రోజూ అనేదే."



అప్పుడు దయామణి నోరు విప్పింది. నా మొహం చూడకుండా, పాఠం అప్పజెప్పినట్టు, నా భార్య మాటలు నా భార్య యాసలోనే చెప్పింది.

"సిస్టరమ్మా, నా కడుపులో పీత ఇన్నాళ్ళూ తిరిగేది కదా. ఇయేళ తిరగట్నేదు. పొద్దుట్నుంచి ఒక్కకాడే పట్టీసినాది. ఇది నా పీత కాదమ్మా. ఇదేదో వేరే."

"ఆ మాట టేపులో లేదు," అన్నాను సుహాసినితో.

"ఉంది నాయుడుగారూ. అందరం రెండుసార్లు విన్నాం," అంది సుహాసిని.

"అప్పుడే విన్నావు కదా. మరి ఏం చేశావు?" ఆరేళ్ళ తరవాత దయామణితో నేనన్న మొదటి మాట అది.

"డ్యూటీ డాక్టరుకి చెప్పాను. పెద్దాసుపత్రికి పంపాలి సార్ అన్నాను. ఆయన ఇంటివాళ్ళని ఒక మాట అడుగుదామన్నాడు. మీరు వరండాలోనే ఉన్నారు. నిచ్చెన మీద. ట్యూబులైటు మారుస్తున్నారు. ఆయన కిందనుంచే అడిగాడు. మీరు కిందికి చూడనైనా చూడలేదు. 'దానికి రోజూ ఉన్న పీతే సార్, మీరేం పట్టించుకోకండి' అన్నారు. ఆయన అదే రాశాడు. మర్నాడూ చెప్పాను. భర్తే చెప్పాడుగా సిస్టర్ అన్నాడు. ఇంకా గట్టిగా అరవాల్సింది. అరవలేదు. నా తప్పు అదీ."

ట్యూబులైటు. ఆ ట్యూబులైటు నాకు గుర్తుంది. స్టార్టరు కొత్తది వేసినా వెలగలేదు. చోక్ పోయింది. చోక్ మార్చాను. వెలిగింది. అంతా గుర్తుంది. కింద ఎవరో ఏదో అడిగినట్టు కూడా గుర్తుంది.

"ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"మీరు నన్ను తిట్టుకుంటూ బతికారు. పోనీలే, బతుకుతున్నారు కదా అనుకున్నాను."

ఆమెను నేను క్షమించలేదు. ఆరేళ్ళు నా కోపాన్ని నాకు భిక్షలా వేసినందుకు ఇప్పుడు ఇంకా క్షమించను. డాక్టరునీ క్షమించను. 'నీ పీత అన్నం తిన్నాదా' అని నవ్వినవాళ్ళలో ఒక్కరినీ క్షమించను. అలా అడిగి నవ్వేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే.

అధికారులు దీపాన్ని మెచ్చుకున్నారు. ఇంకో నాలుగు ఆసుపత్రుల్లో పెట్టమన్నారు. సుహాసిని నా షెడ్డుకు వచ్చి గుమ్మంలోనే నిలబడింది. ఆ రోజు జరిగింది పేరు లేకుండా రాసుకోవచ్చా అని అడిగింది. పేరు పెట్టే రాయమన్నాను. దీపాలకి తీగలు ఎలా పురి పెట్టాలో, రేకు ఎలా చుట్టాలో అసిరయ్యకు నేర్పాను. వాడి చేతివాటం బాగుంది. తరవాత రాజీనామా ఇచ్చి క్వార్టరు ఖాళీ చేశాను.

ఒక దీపం మాత్రం నాతో తెచ్చుకున్నాను. రికార్డరు కూడా. మధ్యాహ్నం భోజనం అయ్యాక అద్దం ముందు కూర్చుని గుండీలు అంటించుకుంటాను. టేపు పెడతాను. ఏం జరుగుతుందో చెప్పను. అది నాకూ వరహాలమ్మకూ మధ్య సంగతి.

ఆసుపత్రి చంపిందని మొదట రాశాను. మళ్ళీ చదువుకున్నాను. కొట్టెయ్యను. ఇరవై ఆరేళ్ళు ఆ ఆసుపత్రి జీతం తిన్నవాణ్ణి, నేనూ అందులోవాణ్ణే.

ఇదే మొదలు, ఇదే ఆఖరు. ఎవరూ వచ్చి అడగొద్దు. ఇక దీని గురించి నా నోట ఒక్క మాట రాదు.